తప్పు పట్టినవాళ్లే దిద్దాలి

మా మాస్టారు బోర్డు మీద తప్పు రాస్తే ఆరోజు క్లాసుకి పండగే. ఎవరో ఒకరు లేచి, అక్కడ మైనస్ రావాలి కదండీ అనేవాళ్లు. ఆయన వెనక్కి తిరిగి చూసి, తప్పు కనిపించగానే మొహం చాటంత చేసుకుని, సుద్దముక్క తీసుకెళ్లి ఆ లేచినవాళ్ల చేతిలో పెట్టేవారు. వాళ్లు ఖాళీ చేసిన చోట్లో, బెంచీ మీద, పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చునేవారు. "రండి మాస్టారూ, చెప్పండి," అనేవారు. ఆడపిల్లయినా మాస్టారే. తప్పు పట్టినవాళ్లే దిద్దాలి, దిద్ది అక్కణ్నుంచి పాఠం చివరిదాకా చెప్పాలి. అది ఆయన క్లాసులో రూలు.

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఈ రూలు తెలియక ఉత్సాహంగా చెయ్యెత్తి ఇరుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను. బోర్డు దగ్గర నేను తడబడుతుంటే, ఆయన నా చోట్లో కూర్చుని, నా పెన్నే తీసుకుని గీసుకుంటూ, మధ్యమధ్య చెయ్యెత్తి సందేహాలు అడిగేవారు. ఒక్క ముక్క అందించేవారు కాదు. నాకు రావట్లేదండీ అంటే, "రాకపోతే నిలబడండి. నిలబడితే వస్తుంది," అనేవారు. గంట కొడితే మర్నాడు మళ్లీ అక్కణ్నుంచే. పొన్నూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకతను ఒక లెక్క దగ్గర వారమంతా నిలబడ్డాడు. వాళ్ల ఇంట్లో వడ్ల వ్యాపారం. ఆ దెబ్బతో ఇంక వీడు కాటాలో తేడా వచ్చినా నోరెత్తడని మేమంతా ఏడిపించేవాళ్లం.

ఇంకో అలవాటు ఉండేది ఆయనకి. ఒక మెట్టు రాశాక ఆగి, మా వైపు తిరిగి, "సమ్మతమేనా?" అని అడిగేవారు. క్లాసంతా పైకి "సమ్మతం" అనాలి. ఏ ఒక్కరు నోరు మెదపకపోయినా కనిపెట్టేసేవారు, ముందుకి కదిలేవారు కాదు. బలవంతం కూడా చేసేవారు కాదు. నచ్చని మెట్టు మీద కాలు పెట్టొద్దనేవారు. పక్క క్లాసు ఇంగ్లీషు లెక్చరరు ఇదేం గణితమండీ, పెళ్లిపందిరిలా ఉంది మీ గొడవ అని విసుక్కునేవాడు.

ఆయన కావాలనే తప్పులు రాస్తారని కాలేజీలో ఒక పుకారు. నేను ఒకసారి ధైర్యం చేసి అడిగాను. ఆయన నొచ్చుకున్నారు. "తప్పు వేరు, అబద్ధం వేరమ్మాయ్. తప్పు తెలియక రాస్తాం. తెలిసి రాస్తే అది అబద్ధం. బోర్డు మీద నేను అబద్ధం రాయను," అన్నారు. ఆ మాట ఎందుకో అప్పట్నుంచీ నాలో ఉండిపోయింది. అది ఇప్పుడు నాకే ఇలా ఎదురుతిరుగుతుందని అనుకోలేదు.

నేనిప్పుడు గుంటూరులో ఒక పెద్ద ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. చెబుతున్నాననడం కొంచెం ఎక్కువ. మా దగ్గర గణితమంటే గడియారంతో పరుగుపందెం. ప్రశ్న చూడగానే నాలుగు జవాబుల్లో మూడింటిని ఎలా కొట్టేయాలో నేర్పుతాం. మిగిలినది ఎందుకు నిజమో అడిగిన పిల్లాడికి టైం వేస్ట్ చేయకు నాన్నా అని బుజ్జగిస్తాం. యార్డుకి మిరపకాయ లారీలు వచ్చే రోజుల్లో క్లాసంతా దగ్గుతూ తుమ్ముతూ ఉంటుంది, అయినా పరుగు ఆగదు. నాకు నోరు పెద్దదని పేరు. ఆ నోరు పెట్టుకుని ఇరవై మంది లెక్చరర్లని అదిలించగలను గానీ ఆ పరుగుని ఒక్క పూట ఆపలేను. అందుకే ఆదివారం వస్తే నల్లపాడు వెళ్లేదాన్ని. రిటైరయ్యాక మాస్టారు అక్కడే, స్టేషనుకి దగ్గర్లో, చిన్న డాబాలో ఉంటున్నారు.

ఆ ఇంటి ముందుగదిలో సోఫా లేదు, టీవీ లేదు. గోడంతా నల్లబోర్డు. ఎదురుగా పొడుగాటి కర్ర బెంచీ. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే, కాలేజీలో పాత సామాను తీసేస్తున్నప్పుడు అడిగి తెచ్చుకున్నారట. దాని మీద ఎవరెవరో చెక్కుకున్న పేర్లు ఇంకా ఉన్నాయి. పిల్లలు లేరు వాళ్లకి. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, పెళ్లయిన కొత్తలో పుట్టింటివాళ్లొస్తే బెంచీ మీద కూర్చోబెట్టానని, ఇంటర్వ్యూకి వచ్చినట్టుందని వాళ్లన్న నవ్వాడని చెబుతుండేది.

మాస్టారి వాళ్ల నాన్న దూది ఏకేవాడు. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. అమ్మ మిరపచేలల్లో కూలికి వెళ్లేది. చంటివాణ్ని గట్టు మీద కూర్చోబెడితే ఏడవకుండా గంటలు గంటలు చేను వైపు చూస్తూ ఉండేవాణ్నని, తన లెక్క అక్కడే మొదలైందని మాస్టారు చెప్పేవారు.

ఆ లెక్క చెప్పాలంటే మా వైపు చేను ఎలా నాటతారో చెప్పాలి. పత్తయినా మిరపైనా నాటేముందు చేనంతా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి అచ్చు తోలతారు. భూమి మీద గళ్లగళ్లుగా గీతలు పడతాయి. గీతలు కలిసిన ప్రతిచోటా ఒక మొక్క. అందుకే గట్టు మీద ఎక్కడ నిలబడి చూసినా మొక్కలు వరసలుగానే కనిపిస్తాయి. అడ్డంగా చూస్తే వరస, నిలువుగా చూస్తే వరస, ఏటవాలుగా చూసినా వరసే. మాస్టారి ప్రశ్న ఇది. ఇలాంటి చదరపు చేలో ప్రతి సాలులోనూ, అడ్డంగా చూసినా నిలువుగా చూసినా, రెండేసి మొక్కలు ఉంచి మిగతావన్నీ పీకేయాలి. మిగిలిన మొక్కల్లో ఏ మూడూ ఎటు చూసినా ఒకే గీత మీద పడకూడదు. చిన్న చేలకి ఇది కుదురుతుంది, పిల్లలు కూడా చుక్కలు పెట్టి చేయగలరు. చేను ఎంత పెద్దదైనా కుదురుతుందా?

ఇది ప్రపంచంలో చాలామంది తలలు పట్టుకున్న ప్రశ్నే. చేను బాగా పెద్దదైతే కుదరదని పెద్దపెద్దవాళ్ల అనుమానం. ఆ సంగతి మాస్టారికి తెలుసు. అనుకోవడం వేరు, నిరూపించడం వేరు కదా అనేవారు. ఎంత పెద్ద చేనుకైనా కుదురుతుందని ఆయన నమ్మకం. కాలేజీలో పాఠాలు చెబుతూనే పెళ్లయిన నాటినుంచీ ఆ ఒక్క లెక్క మీదే ఉన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని అమ్మగారు దెప్పేది. చిన్న చేలని అతికించుకుంటూ పెద్ద చేను తయారుచేసే పద్ధతి ఒకటి కనిపెట్టారు. పోయిన వర్షాకాలంలో, అది పూర్తయింది రా అమ్మాయ్ అని ఫోన్ చేశారు. ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

ఆదివారం ఆదివారం కొంచెం కొంచెంగా బోర్డు మీద చెప్పారు. బెంచీ మీద నేనొక్కదాన్నే క్లాసు. "సమ్మతమేనా?" అనేవారు. ఒక్కదాన్నే పైకి "సమ్మతం" అనేదాన్ని. వంటగదిలోంచి అమ్మగారు కూడా అప్పుడప్పుడు సమ్మతం అని అరిచేది, కూరలో గరిటె తిప్పుతూ. నాకు ఆ ఆదివారాలు ఎంత బాగుండేవో చెప్పలేను. అన్నీ అయ్యాక ఆయన చేతులు దులుపుకుని, ఇప్పుడు ఇంటికెళ్లి తప్పు వెతుకు, నువ్వు వెతికాక గానీ బయటికి పంపను అన్నారు. తప్పుంటే పట్టేది నువ్వే, నీ కళ్లు చెడ్డవి అని నవ్వారు కూడా.

వెతికాను. నాకు ఆ పద్ధతి మీద ఎంత నమ్మకమంటే, తప్పు కోసం కాదు, ఆనందం కోసం వెతికాను. గ్రాఫ్ కాగితాలు అతికించి హాల్లో నేల మీద పరిచి, ఆయన పద్ధతిలో ఒక పెద్ద చేను చుక్కలు పెట్టుకుంటూ వచ్చాను. మాస్టారు చేతితో వేసి చూసినవాటికంటే ఇంకా పెద్దది. పొడుగాటి స్కేలు పెట్టి ఊరికే అటూ ఇటూ జరుపుతున్నాను. రెండు చుక్కలకి స్కేలు ఆనించాను. దూరంగా, కాగితం ఆ మూలన, మూడో చుక్క స్కేలు అంచుకి తగిలింది.

నా చేతే వంకరేమో అనుకున్నాను. చుక్క తప్పుగా పెట్టానేమో అనుకున్నాను. అంకెలు వేసి చూశాను. మూడూ ఒకే గీత మీదే ఉన్నాయి.

తిరిగి నిరూపణలోకి వెళ్లి ఎక్కడ జారిందా అని వెతికితే, చాలా దూరం వచ్చాక దొరికింది. రకరకాల సందర్భాలు విడదీసి ఒక్కొక్కటీ తేల్చుకుంటూ వచ్చి, చివరిదాని దగ్గర మాస్టారు "ఇదే విధంగా" అని ఒక్క మాట రాశారు. అంతకుముందు సందర్భాల్లో వాడిన వాదన ఏమిటంటే, బయటి రెండు మొక్కలకీ సరిగ్గా నడిమధ్యన మూడోది ఉండదు, కాబట్టి మూడూ వరసలో లేవు అని. అక్కడ అది సరిపోతుంది. ఈ చివరి సందర్భంలో మాత్రం మూడోది నడిమధ్యనే ఉండక్కర్లేదు. ఒకదానికి దగ్గరగా, ఇంకోదానికి దూరంగా ఉండి కూడా అదే గీత మీద ఉండొచ్చు. చదివినంతసేపూ నాకూ తట్టలేదు. తట్టకపోవడానికి కారణం కూడా తెలిసింది. నేనూ మిరపచేను పిల్లనే. మా చేలల్లో వరస అంటేనే మొక్కకీ మొక్కకీ సమానమైన ఎడం. ఎడం తేడాగా ఉన్నదాన్ని మేం వరస అనం, నాటు చెడిందంటాం. పట్నంలో పుట్టినవాడైతే ఈ తప్పు చేసి ఉండేవాడు కాదేమో.

నెలల తరబడి దిద్దడానికి ప్రయత్నించాను. ఆ చుక్కని పక్కకి జరిపితే ఇంకోచోట మూడు కలిసేవి. అక్కడ జరిపితే మరోచోట. నాసిరకం గుడ్డకి కుట్టు వేసినట్టు, కుట్టిన పక్కనే చిరిగేది. నాతో పాటు ఎమ్మెస్సీ చదివి ఇప్పుడు వేరే రాష్ట్రంలో పరిశోధన చేస్తున్న స్నేహితురాలికి మొత్తం పంపాను, ఎవరిదో చెప్పకుండా. ఆమె రెండు రోజులు తీసుకుని ఫోన్ చేసింది. ఇది పైన పడ్డ చిరుగు కాదే, పద్ధతిలోనే ఉంది, చేను పెరిగేకొద్దీ ఇలాంటివి పుట్టుకొస్తూనే ఉంటాయి, దీనికి మందు లేదు అంది. ఎవరిదోగానీ భలే అందంగా ఉంది అని కూడా అంది. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

ఈలోగా మాస్టారి లెక్క పూర్తయిందని మా బ్యాచి వాళ్లకి ఎలాగో తెలిసింది. తుళ్లూరు వైపు కాంట్రాక్టులు చేసుకుంటున్న ఒకతను ముందుపడి, పాత కాలేజీ సెమినార్ హాల్లో మాస్టారికి సన్మానం ఏర్పాటు చేశాడు. యూనివర్సిటీ నుంచి పెద్దవాళ్లని పిలిచారు. వాళ్ల ముందు మాస్టారు నిరూపణ అంతా బోర్డు మీద రాయాలి. ఆయన ఒప్పుకున్నారు. బోర్డు తుడిచే పని మాత్రం ఈ అమ్మాయికే ఇవ్వాలని నన్ను చెప్పి షరతు పెట్టారట.

తప్పు సంగతి చెబుదామనే నల్లపాడు వెళ్లాను. గేటు దగ్గర అమ్మగారు ఎదురొచ్చింది. చేతిలో తెల్లచొక్కా, సన్మానానికని ఇస్త్రీ చేయించుకొస్తోంది. లోపల మాస్టారు కాళ్లు చాపుకుని బెంచీ మీదే పడుకుని నిద్రపోతున్నారు. పట్టపగలు. నేను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

"చూశావా, ఎలా పడుకున్నారో," అంది అమ్మగారు గొంతు తగ్గించి. "పెళ్లయినకాణ్నించీ ఈయనకి నిద్రే లేదమ్మా. అర్ధరాత్రి లేచి గోడ ముందు నిలబడేవారు. ఇప్పుడు తల వాలిస్తే చాలు, చంటిపిల్లాడే." అంటూనే నా మొహం చూసి ఆగిపోయింది. తప్పుందా అని అడిగింది. నేను మాట్లాడలేదు. ఈ ఇంట్లో మాట్లాడకపోవడమంటే ఏమిటో ఆమెకి తెలియనిదా. కాసేపు చొక్కా మడతలు సవరించింది. "ఆ మీటింగేదో అయిపోయాక చెప్పకూడదామ్మా?" అంది.

ఆమె మీద నాకు కోపం రాలేదు. నా మీదే వచ్చింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెబితే ఈ మనిషికి ఇన్నాళ్లకి పట్టిన నిద్ర కాస్తా పోతుంది. చెప్పకపోతే అంతమంది ముందు బోర్డు మీద తప్పు రాస్తారు. ఆ యూనివర్సిటీ వాళ్లలో ఎవరో ఒకరు పట్టేస్తే ఆయన సుద్దముక్క వాళ్లకిచ్చి, వెళ్లి ముందు వరసలో కూర్చుంటారు. అంతకన్నా నాకు భయం వేసింది ఇంకోటి. ఎవరూ పట్టరు. వినరు కూడా. చప్పట్లు కొడతారు. తప్పుకి చప్పట్లు కొట్టించుకుని ఆయన ఇంటికొచ్చి హాయిగా నిద్రపోతారు, నేను మాత్రం ఒక్కదాన్నే ఎరిగి ఉంటాను. ఆరోజు ఆయన లేచేదాకా కూడా ఉండకుండా వచ్చేశాను. ఆటో దొరక్క ఎండలో నిలబడి, గట్టిగా అరవాలనిపించింది, ఎవరి మీదో తెలియక ఊరుకున్నాను.

తరవాతి ఆదివారం ఆయనే పిలిచారు. సన్మానానికి ముందు ఒకసారి మొత్తం రాసి చూసుకుంటాను, నువ్వు క్లాసులా కూర్చో అన్నారు. కూర్చున్నాను. ఆ వయసులోనూ ఆయన రాత ముత్యాల్లా ఉంది. "సమ్మతమేనా?" "సమ్మతం." అమ్మగారు ఆరోజు వంటగదిలోంచి అరవలేదు. వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. సందర్భాలు ఒక్కొక్కటీ వస్తున్నాయి. నేను ఎన్నో రకాలుగా మాటలు కూర్చుకుని ఉన్నాను, మెల్లగా ఎలా చెప్పాలో. చివరి సందర్భం వచ్చింది. ఆయన "ఇదే విధంగా" అని రాసి, చేతికంటిన పొడి దులుపుకుని, నా వైపు తిరిగారు.

"సమ్మతమేనా?"

నా దగ్గరున్న మాటలేవీ రాలేదు. ఆయన నేర్పిన ఆ ఒక్క మాట కూడా రాలేదు. నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆయన బోర్డు వైపు చూశారు. నా వైపు చూశారు. ఇంక అడగలేదు. నడిచొచ్చి సుద్దముక్క నా చేతిలో పెట్టారు. మొహం చాటంత చేసుకోలేదు, చిన్నబుచ్చుకోనూలేదు. నేను లేచాను. నా చోట్లో ఆయన కూర్చున్నారు.

"రండి మాస్టారూ. చెప్పండి," అన్నారు.

బోర్డు మూల ఖాళీలో మూడు చుక్కలు పెట్టాను. మొదటిదానికీ రెండోదానికీ దగ్గర, రెండోదానికీ మూడోదానికీ దూరం. మూడింటినీ కలుపుతూ గీత గీశాను. వాటి పక్కన అవి ఆ పెద్ద చేలో ఎక్కడ పడతాయో అంకెలు వేశాను. అంతే. అంతకన్నా చెప్పాల్సిందేం లేదు. ఆయన చాలాసేపు చూశారు. వీధిలో ఎవరో కల్లం మీద కాయలు కప్పడానికి పట్టాలు అమ్ముకుంటూ మైకులో అరుస్తున్నారు. ఆ అరుపు వీధి చివరిదాకా వెళ్లిపోయింది.

"మన చేలల్లో ఎడం ఎప్పుడూ సమానమే కదమ్మాయ్," అన్నారు చివరికి. ఆ వెంటనే మామూలుగా, క్లాసులో అడిగినట్టే అడిగారు. "తరవాత?"

"తరవాత నాకు రావట్లేదు మాస్టారూ."

"రాకపోతే నిలబడండి," అన్నారు.

గుమ్మం దగ్గర అమ్మగారు కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

సన్మానం వద్దని మాస్టారు ఆ సాయంత్రమే ఆ కాంట్రాక్టరు శిష్యుడికి ఫోన్ చేశారు. నిరూపణలో తప్పుంది, ఇంకా పూర్తవలేదు అని చెప్పారు. అతను నిజంగా మంచివాడే. అయ్యో, ప్రూఫ్‌దేముందండీ, లేకపోతే లేకపోయింది, మీరొచ్చి అలా కూర్చుంటే చాలు సార్ అన్నాడు. హాలు తీసుకున్నారు, భోజనాలు చెప్పేశారు, పెద్దవాళ్లకి మాటిచ్చేశారు. మాస్టారు కాదనలేకపోయారు. ఆ తెల్లచొక్కా వేసుకుని వెళ్లి స్టేజీ మీద కుర్చీలో కూర్చున్నారు. మెడలో దండ, భుజాల మీద శాలువా. వెనక బోర్డు నేను తుడిచింది తుడిచినట్టే ఉంది, దాని మీద ఎవరూ ఏమీ రాయలేదు. ఒక పెద్దమనిషి మైకు తీసుకుని మాస్టారి గణిత సేవ గురించి చాలాసేపు మాట్లాడాడు. ఒక్క అంకె లేకుండా మాట్లాడాడు. మాస్టారు ఒళ్లో చేతులు పెట్టుకుని వింటున్నారు. క్లాసులో ఆయన ఏనాడూ కుర్చీ వాడి ఎరగరు. దండ తీసి పక్కన పెట్టండని నాకు అరవాలనిపించింది. నా నోటికి పేరేగానీ, కావలసినప్పుడు అది ఎప్పుడూ పెగలదు. భోజనాల్లో గోంగూర బాగుందని అందరూ అనుకున్నారు.

అక్కడితో అయిపోయుంటే బాగుండేది. రూలు ఉంది కదా. ఆ తరవాతి ఆదివారం వెళ్లేసరికి ఆయన బెంచీ మీద నా చోట్లో కూర్చుని ఉన్నారు, తల దువ్వుకుని, చేతులు కట్టుకుని. సుద్దముక్క బోర్డు అంచున ఉంది. బోర్డు మీద నా మూడు చుక్కలు అలాగే ఉన్నాయి. నేను వెళ్లి నిలబడ్డాను. తోచిన మార్పు ఏదో రాశాను. ఆయన చెయ్యెత్తి సందేహం అడిగారు, ఆ సందేహంతోనే అది కూలిపోయింది. మరో ఆదివారం, మరోటి. వేసవి వచ్చింది, యార్డు ఘాటు నల్లపాడు దాకా కొట్టింది, దగ్గుతూ నేను రాస్తుంటే దగ్గుతూ ఆయన వినేవారు. నా స్నేహితురాలు మందు లేదన్న సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్పినా, అనుకోవడం వేరంటారని తెలుసు. మానేద్దామని కూడా అనుకున్నాను. నేను వెళ్లకపోతే ఆయన అలా చేతులు కట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటారని అమ్మగారు ఫోన్లో చెప్పింది. నింద వేస్తున్నట్టు చెప్పలేదు. మళ్లీ నిద్ర పోవట్లేదని మాత్రం చెప్పింది. సుద్ద పట్టుకుని గోడ ముందు నిలబడే ఓపిక లేదట, బెంచీ మీద కూర్చుని ఆ చుక్కల వైపు చూస్తున్నారట. మనిషి నానాటికీ చిక్కిపోతున్నారు. చొక్కా కాలరులో మెడ వదులైపోయింది.

ఇరవై మందిని అదిలించే మనిషిని, ఆ ముసలాయన ముందు ఏం చేయాలో తెలియని దద్దమ్మనైపోయాను. తప్పు పట్టడం నాకు నేర్పింది ఆయన. పట్టాను. దిద్దడం నా చేతకాదు. బహుశా ఎవరి చేతా కాదు. చేతకాదని తేల్చి చెప్పడానికి కూడా నా దగ్గర నిరూపణ లేదు.

పోయిన ఆదివారం ఒక పని చేశాను. వారమంతా కూర్చుని ఒక దిద్దుబాటు తయారుచేశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ మూడు చుక్కలనీ విడదీస్తుంది. ఇంకో మూలన వేరే మూడు కలుస్తాయి. అది నాకు తెలుసు. ఆ మూల గురించిన మెట్టు దగ్గర "ఇదే విధంగా" అని రాసి దాటేస్తే, ఆ ఓపిక లేని కళ్లకి కనపడదనుకున్నాను. ఆయన నిద్రపోతే చాలనుకున్నాను.

మొత్తం రాశాను. ప్రతి మెట్టుకీ "సమ్మతమేనా?" అని అడిగాను, ఆయన ప్రతి మెట్టుకీ బుద్ధిగా "సమ్మతం" అన్నారు. గుమ్మం దగ్గర అమ్మగారు టీ గ్లాసులు పట్టుకుని నిలబడిపోయింది. చివరి మెట్టు వచ్చింది. "ఇదే విధంగా" అని రాశాను. తిరిగాను.

"సమ్మతమేనా మాస్టారూ?"

ఆయన చూపు బోర్డు మీద పైనుంచి మెల్లగా దిగింది. సరిగ్గా ఆ మూల దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడే ఆగింది, చాలాసేపు. తరవాత నా చేతిలో సుద్దముక్క వైపు, నా మొహం వైపు చూశారు. ఆయనకి కనపడింది. అది తప్పు కాదని, అబద్ధమని కూడా కనపడింది. ఆ అబద్ధానికి ఆయన నోరు మెదపకుండా ఉండాలని మొక్కుకున్నాను.

"సమ్మతం," అన్నారు.

అని, బెంచీ అంచు పట్టుకుని లేచారు. నా దగ్గరికి వచ్చి చేతిలోంచి సుద్దముక్క తీసుకున్నారు. "ఇంక కూర్చో అమ్మాయ్. చాలా రోజులనుంచీ నిలబడ్డావు," అన్నారు.

వెళ్లి కూర్చున్నాను. అమ్మగారు టీ ఇచ్చింది, అది వేడిగా ఉందో లేదో కూడా నాకు తెలియలేదు. ఆయన డస్టరు తీసుకుని, ఆ మూలనుంచి మొదలుపెట్టి, బోర్డు తుడవడం ప్రారంభించారు.